కోపం వాళ్లదే, ఓటూ వాళ్లదే: జర్మనీ ఫలితాలను ఎలా అర్థం చేసుకోవాలి

2025 జనవరిలో జర్మనీలోని కార్ల్స్‌రూహే నగరంలో ఇళ్ల ముందరి పోస్టు డబ్బాల్లో ఒక కాగితం పడింది. చూడ్డానికి అచ్చం విమానం టికెట్టు. ప్రయాణికుడి పేరు ఉండాల్సిన చోట "అక్రమ వలసదారు" అని ఉంది. ఎక్కడి నుంచి అంటే జర్మనీ నుంచి. ఎక్కడికి అంటే "సురక్షితమైన స్వదేశానికి". పోవడమే తప్ప తిరిగి రావడం లేదు. తేదీ ఫిబ్రవరి 23, విమానం ఎక్కే వేళ ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు. ఆ తేదీన జర్మనీ పార్లమెంటు ఎన్నికలు. ఆ వేళలు పోలింగ్ వేళలు. కాగితం పంచింది వలసలను వ్యతిరేకించే ఏఎఫ్‌డీ ("జర్మనీకి ప్రత్యామ్నాయం") అనే పార్టీ స్థానిక శాఖ. వలస వచ్చి స్థిరపడిన కుటుంబాల డబ్బాల్లోనూ అది పడింది.

దాదాపు నెల రోజులకు ఓట్లు లెక్కపెట్టారు. ఆ పార్టీకి 20.8 శాతం ఓట్లు, అంటే కోటీ 3 లక్షలు వచ్చాయి. 630 స్థానాల సభలో 152 దక్కించుకుని రెండో స్థానంలో నిలిచింది. 2021లో దానికి వచ్చింది 10.4 శాతమే. మూడున్నరేళ్లలో రెట్టింపైంది. పోలింగ్ 82.5 శాతం. తూర్పు, పశ్చిమ జర్మనీలు ఒక్కటయ్యాక ఇంతమంది ఓటు వేసింది ఎప్పుడూ లేదు. కాబట్టి జనం ఇంట్లో కూర్చోవడం వల్ల ఇలా జరిగిందని చెప్పుకునే వీలు లేదు. అంతకుముందు ఓటే వేయని సుమారు 18 లక్షల మంది ఈసారి లేచి వెళ్లి ఏఎఫ్‌డీకి వేశారని ఓటర్ల కదలికలను లెక్కగట్టిన సర్వే సంస్థ అంచనా.

అప్పటి నుంచి ఒకటే వాదన. ఆ కోటి మందినీ ఏమనాలి? నాజీలనాలా, మోసపోయిన అమాయకులనాలా, కడుపు మండిన బడుగులనాలా? అసలు ఓటరును తప్పుపట్టే హక్కు ఎవరికైనా ఉందా? ఈ ప్రశ్నలన్నీ కలిసిపోయి పీటముడి పడ్డాయి. దాన్ని విప్పాలంటే దేశం మొత్తాన్నీ పట్టుకుని లాగడం కంటే ఒక చిన్న రాష్ట్రం దగ్గర మొదలుపెట్టడం మేలు. ఆ రాష్ట్రం టురింగియా.

ముందు ఒక మాట. మన పత్రికలు ఇలాంటి పార్టీలను "తీవ్ర మితవాద" పార్టీలు అంటాయి. స్వాతంత్ర్యోద్యమ కాలంలో కాంగ్రెస్‌లోని నెమ్మదస్తులను మితవాదులు అనేవాళ్లం. ఆ మాటకే ముందు "తీవ్ర" తగిలిస్తే వినేవాడికి ఏమీ అర్థం కాదు. అందుకే ఇక్కడ తీవ్ర జాతీయవాదం అంటున్నాను. దేశం ఒక రక్తానిది, ఒక పుట్టుకది, మిగతావాళ్లు ఎన్నాళ్లున్నా అద్దెకున్నట్టే అనే రాజకీయం అది.

ఏఎఫ్‌డీ పుట్టినప్పుడు ఇలా లేదు. 2013లో యూరో కరెన్సీని, గ్రీసును ఆదుకునే ప్యాకేజీలను వ్యతిరేకిస్తూ ఆర్థికశాస్త్ర ఆచార్యులు పెట్టిన పార్టీ అది. 2015లో సిరియా, అఫ్గానిస్తాన్‌ల నుంచి లక్షల మంది శరణార్థులు వచ్చారు. పార్టీ ఆ గాలికి తిరిగింది. పెట్టినవాళ్లలో ముఖ్యుడు బెర్న్డ్ లూకే అదే ఏడాది బయటికి వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన నాయకురాలు ఫ్రౌకే పెట్రీ 2017లో వెళ్లిపోయింది. ఒక్కొక్కరు వెళ్లిన కొద్దీ పార్టీ మరింత కరడుగట్టింది, ఓట్లు మాత్రం తగ్గలేదు.

టురింగియాలో ఆ పార్టీకి పెద్ద బ్యోర్న్ హ్యోకే. చరిత్ర పాఠాలు చెప్పిన బడిపంతులు. బెర్లిన్ నడిబొడ్డున నాజీలు చంపిన యూదుల స్మారకం ఉంది. దాన్ని అవమాన స్మారకంగా పేర్కొంటూ, గతాన్ని గుర్తుచేసుకునే పద్ధతే 180 డిగ్రీలు తిరగాలని 2017లో డ్రెస్డెన్‌లో ప్రసంగించాడు. ఆయన పార్టీ శాఖ తీవ్రవాద ధోరణిదని రుజువైందంటూ 2021లో రాష్ట్ర రాజ్యాంగ పరిరక్షణ విభాగం, అంటే తీవ్రవాదుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ, ప్రకటించింది. నాజీ తుపాను దళం వాడిన నినాదాన్ని సభలో పలికినందుకు 2024లో హాలే కోర్టు ఆయనకు రెండుసార్లు జరిమానా వేసింది. ఇవేవీ చాటుమాటు సంగతులు కావు. టీవీల్లో, పేపర్లలో రోజూ నలిగినవే.

2024 సెప్టెంబరు 1న ఆ రాష్ట్రంలో ఎన్నికలు జరిగితే ఏఎఫ్‌డీకి 32.8 శాతం వచ్చింది. నాజీల తర్వాత జర్మనీలో ఒక రాష్ట్ర ఎన్నికలో తీవ్ర జాతీయవాద పార్టీ మొదటి స్థానంలో నిలవడం అదే మొదటిసారి. రెండో స్థానంలోని సంప్రదాయ పార్టీ క్రిస్టియన్ డెమోక్రాట్లకు 23.6 శాతం.

అదే ఫలితంలో ఇంకో వివరం ఉంది. జర్మనీలో ఓటరు సాధారణంగా రెండు గీతలు గీస్తాడు. ఒకటి తన నియోజకవర్గం అభ్యర్థికి, రెండోది పార్టీకి. పార్టీ ఓట్లలో ఏఎఫ్‌డీ గెలిచింది కానీ, గ్రైట్స్ ప్రాంతంలో స్వయంగా నిలబడ్డ హ్యోకే ఓడిపోయాడు. క్రిస్టియన్ డెమోక్రాట్ అభ్యర్థి గెలిచాడు. హ్యోకే పార్టీ జాబితా ద్వారా సభలోకి వచ్చాడు. చేతిలో పెన్సిలు పట్టుకున్న మనిషి ఆలోచిస్తాడు, ఈ గీత ఇతనికి, ఆ గీత వాళ్లకు అని వేరు చేసి చూస్తాడు అనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు. ఓటరు గొర్రె కాదు. అందుకే "పాపం వాళ్లకేం తెలుసు" అన్న జాలిని నేను ఒప్పుకోలేను.

కోపం ఎక్కడిది

ఆ కోపానికి కారణాలు లేవని కాదు. టురింగియాలో బిషోఫెరోడే అనే ఊరుంది. ఎరువుకు వాడే పొటాష్ గని మీద బతికిన ఊరు. 1990 అక్టోబరు 3న తూర్పు జర్మనీ పశ్చిమంలో కలిశాక, తూర్పున ప్రభుత్వం చేతిలో ఉన్న వేల ఫ్యాక్టరీలను అమ్మడానికో మూయడానికో ట్రాయ్‌హాండ్ అనే సంస్థ పూనుకుంది. బిషోఫెరోడే గనిలో ఉప్పు మంచిది, కొనేవాళ్లున్నారు. అయినా పశ్చిమ జర్మనీ పొటాష్ కంపెనీతో కుదిరిన విలీన ఒప్పందంలో ఈ గనిని మూసేయాలని రాసుకున్నారు. 1993 వేసవిలో కార్మికులు నిరాహార దీక్షకు కూర్చున్నారు. మడత మంచాల మీద పడుకున్న గని కార్మికుల ఫోటోలు దేశమంతా చూసింది. "బిషోఫెరోడే అంతటా ఉంది" అని బ్యానర్లు కట్టారు. ఆ ఏడాది చివర గని మూసేశారు.

తూర్పున ఇలాంటి ఊళ్లు ఎన్నో. టురింగియా జనాభా 1990లో 26 లక్షలు, ఇప్పుడు 21 లక్షలు. వెళ్లిపోయినవాళ్లలో యువకులు ఎక్కువ, అందులోనూ ఆడపిల్లలు ఎక్కువ. బడి మూతపడుతుంది, బస్సు ఆగిపోతుంది, డాక్టరు రిటైరైతే కొత్త డాక్టరు రాడు. పైగా పశ్చిమం నుంచి వచ్చిన అధికారులు, జడ్జీలు, ప్రొఫెసర్లే పెద్ద కుర్చీల్లో కూర్చున్నారు. మీకు ప్రజాస్వామ్యం ఇంకా వంటబట్టలేదని పాఠాలూ చెప్పారు. ఆ అవమానం తరాలు దాటి వస్తుంది.

ఇంతవరకు ఒప్పుకుంటాను. ఇక్కడి నుంచి చాలామంది విశ్లేషకులు చేసే పనే నాకు నచ్చదు. కోపానికి కారణం చెప్పేసి, ఓటుకు కూడా కారణం చెప్పేసినట్టు చేతులు దులుపుకుంటారు. ఈ రెండింటి మధ్య దూరం ఉంది. అదే టురింగియాలో అదే నష్టం పడ్డవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఏఎఫ్‌డీకి వేయలేదు. వాళ్ల గనులూ మూతపడ్డాయి, వాళ్ల పిల్లలూ వలసపోయారు. పేదరికమే ఓటు వేయించిందని అన్నప్పుడల్లా, పేదరికంలో ఉండి కూడా వేయని మనిషిని లెక్కలోంచి తీసేస్తున్నాం. ఇంకోటి: 18 నుంచి 24 ఏళ్ల వాళ్లలో ఏఎఫ్‌డీకి వేసింది 38 శాతమని పోలింగ్ రోజు సర్వే చెప్పింది. ట్రాయ్‌హాండ్ దుకాణం కట్టేశాకే ఆ పిల్లలంతా పుట్టారు.

ఇది తూర్పు జబ్బు అనుకోవడమూ తప్పే. ఫలితాలు రాగానే పశ్చిమాన కొందరు "గోడ మళ్లీ కట్టండి" అంటూ తూర్పువాళ్లను ఎద్దేవా చేస్తారు. శాతం తూర్పున ఎక్కువే కానీ, జనాభా పశ్చిమాన ఎక్కువ కాబట్టి ఏఎఫ్‌డీకి వచ్చిన మొత్తం ఓట్లలో అత్యధికం పశ్చిమానివే. 2025లో బొగ్గు గనుల ఊరు గెల్జెన్‌కిర్షెన్‌లో, ఒకప్పుడు సోషల్ డెమోక్రాట్ల కంచుకోటలో, పార్టీ ఓట్లలో ఏఎఫ్‌డీదే మొదటి స్థానం.

మరి తెలిసే వేశారా? 2024 జూన్‌లో యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల వేళ సర్వేవాళ్లు ఏఎఫ్‌డీ ఓటర్లను ఈ మాటే అడిగారు. పార్టీలో కొంత భాగం తీవ్రవాదులదనే పేరున్నా, సరైన విషయాలు మాట్లాడుతున్నంతకాలం మాకు పట్టింపు లేదన్నారు, పదిమందిలో ఎనిమిది మందికి పైగా. నాకు ఈ సంఖ్య మిగతా అన్నింటికంటే ముఖ్యం. ఇందులో వాళ్లంతా నాజీలని లేదు. వాళ్లకు తెలియదనీ లేదు. తెలుసు, పట్టించుకోలేదు. బాధ్యత అనే మాట సరిగ్గా ఇక్కడే పనికొస్తుంది.

నేరం వేరు, బాధ్యత వేరు

టురింగియాలోనే వైమార్ నగరం ఉంది. గోథే, షిల్లర్ బతికిన ఊరు. ఆ ఊరి పక్కన ఎటర్స్‌బర్గ్ కొండ మీద బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం ఉండేది. సుమారు 2 లక్షల 80 వేల మందిని అందులో పెట్టారు, సుమారు 56 వేల మంది చనిపోయారు. దాని ఇనుప గేటులో "ఎవరికి దక్కాల్సింది వాళ్లకు" అని అర్థం వచ్చే జర్మన్ మాటలు అమర్చారు. ఆ అక్షరాలు బయటివాళ్లు చదవడానికి కాదు, లోపల నిలబడ్డ ఖైదీ చదవడానికి ఆ వైపు తిప్పి పెట్టారు. 1945 ఏప్రిల్ 11న శిబిరం విముక్తమైంది. కొద్ది రోజులకే అమెరికా సైన్యం వైమార్ పౌరులను దాదాపు వెయ్యి మందిని కొండ ఎక్కించి, శవాల కుప్పల ముందు నడిపించింది. రుమాళ్లు ముఖానికి అడ్డం పెట్టుకున్నవాళ్లు, తల తిప్పుకున్నవాళ్లు ఫోటోల్లో కనిపిస్తారు. మాకు తెలియదని వాళ్లన్నారు.

ఆ శీతాకాలంలో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ యాస్పర్స్ అనే తత్వవేత్త ఈ విషయం మీదే పాఠాలు చెప్పాడు. ఆయన భార్య యూదు. ఆమెను వదలనందుకు నాజీలు ఆయన ఉద్యోగం తీసేశారు. 1945 ఏప్రిల్‌లో ఇద్దరినీ శిబిరానికి తరలించాల్సి ఉండగా, అంతకు కొద్ది రోజుల ముందే అమెరికా సైన్యం ఊరు చేరింది. జర్మన్లందరినీ తిట్టిపోయడానికి ఆయనకంటే హక్కున్నవాళ్లు తక్కువ. ఆయన ఆ పని చేయలేదు. దోషాన్ని నాలుగుగా విడదీశాడు. చట్టాన్ని మీరిన నేరం ఒకటి, దానికి కోర్టు ఉంది. తన దేశం ఏం చేసినా దాని ఫలితాన్ని పౌరుడిగా మోయాల్సిన రాజకీయ బాధ్యత రెండోది, దాని నుంచి ఎవరికీ మినహాయింపు లేదు. మూడోది నైతికమైనది, దాన్ని ఎవరి అంతరాత్మ వాళ్లే తేల్చుకోవాలి. పక్కవాడు చనిపోతుంటే తాను బతికి ఉన్నందుకు దేవుడి ముందు కలిగే అపరాధం నాలుగోది. ఒక జాతి మొత్తాన్నీ నేరస్థులనడం తప్పన్నాడు. జాతి మొత్తమూ జవాబు చెప్పుకోవాల్సిందేనన్నాడు.

ఈ విభజన చేతిలో ఉంటే నేటి వాదన సగం తేటపడుతుంది. ఏఎఫ్‌డీకి ఓటు వేయడం నేరం కాదు. వేసినవాడిని ఊళ్లోంచి వెలివేయమనడం అన్యాయం. అతను వేసిన ఓటుకు అతను జవాబుదారీ కాదనడమూ అంతే తప్పు. ఆ కాగితం ఎవరి డబ్బాలో పడిందో, దాన్ని తీసి చదివిన పిల్లాడికి ఏమనిపించిందో, ఆ లెక్కలో ఓటరు వాటా ఉంది. ఓటు వేసేటప్పుడు మనసులో ఉన్నది డీజిల్ ధరో, పింఛనో కావచ్చు. ఓటు వెళ్లేది మాత్రం మొత్తం మూటకు. ధర వరకు నాది, టికెట్టు కాగితం మాత్రం నాది కాదు అనే ఏర్పాటు బ్యాలెట్‌లో లేదు.

తలుపు తీసినవాళ్లు

ఓటర్ల గురించే మాట్లాడి ఊరుకుంటే అసలు దొంగలు తప్పించుకుంటారు. టురింగియా చరిత్రే దీనికి సాక్ష్యం. 1929 డిసెంబరు రాష్ట్ర ఎన్నికల్లో నాజీలకు వచ్చింది 11.3 శాతం. అంటే దాదాపు తొమ్మిది మందిలో ఎనిమిది మంది వద్దన్నారు. అయినా ఆ తర్వాత సంప్రదాయ పార్టీలు ప్రభుత్వం నిలబెట్టుకోవడానికి వాళ్లను పిలిచాయి. 1930 జనవరిలో విల్‌హెల్మ్ ఫ్రిక్ హోం, విద్యా శాఖల మంత్రి అయ్యాడు. జర్మనీలో మంత్రి పదవి ఎక్కిన మొదటి నాజీ అతనే. పోలీసులూ బడులూ ఒకే చేతిలోకి వెళ్లాయి. యేనా విశ్వవిద్యాలయంలో జాతి సిద్ధాంతకర్తకు ప్రొఫెసర్ పీఠం ఇప్పించాడు. మూడేళ్లకు, 1933 జనవరి 30న, హిట్లర్ ఛాన్సలర్ అయినప్పుడు దేశానికి హోం మంత్రి ఈ ఫ్రిక్కే. స్వేచ్ఛగా జరిగిన ఏ జాతీయ ఎన్నికలోనూ హిట్లర్‌కు సగం ఓట్లు రాలేదు. 1932 జులైలో వచ్చిన 37.3 శాతమే అత్యధికం, నవంబరులో అది 33.1కి తగ్గింది కూడా. తగ్గుతున్నవాడిని పిలిచి కుర్చీ వేసింది మాజీ ఛాన్సలర్ పాపెన్, అధ్యక్షుడు హిండెన్‌బర్గ్‌లు. ఓటర్లు అతన్ని గుమ్మం దాకా మోశారు, తలుపు తీసింది పెద్దమనుషులు.

అందుకే యుద్ధం తర్వాతి జర్మనీలో ఒక కట్టుబాటు ఏర్పడింది. తీవ్ర జాతీయవాదులతో పొత్తు లేదు, వాళ్ల ఓట్లతో ఏ పనీ నెగ్గించుకోకూడదు. మంటలు పక్కింటికి పాకకుండా కట్టే గోడ పేరునే దీనికి పెట్టి, బ్రాండ్‌మావర్ అంటారు. ఆ గోడ మొదట బీటలు వారింది కూడా టురింగియాలోనే. 2020 ఫిబ్రవరి 5న అసెంబ్లీలో ముఖ్యమంత్రి ఎన్నిక. ఏఎఫ్‌డీ తన అభ్యర్థిని నిలబెట్టి, చివరి రౌండులో అతనికి ఒక్క ఓటూ వేయకుండా, సభలో చోటుకు కావాల్సిన అయిదు శాతం ఓట్ల గీత అంచున గట్టెక్కిన ఫ్రీ డెమోక్రాట్ థామస్ కెమ్మెరిష్‌కు వేసింది. ఒక్క ఓటు తేడాతో అతను గెలిచాడు. గెలిచినవాళ్లకు పూలగుత్తి ఇచ్చి చేయి కలపడం అక్కడి ఆనవాయితీ. వామపక్ష నాయకురాలు జుసానే హెన్నిగ్ వెల్జో పూలగుత్తితో అతని ముందుకు నడిచి వెళ్లి, దాన్ని అతని కాళ్ల దగ్గర పడేసి, చేయి కలపకుండా వెనుదిరిగింది. క్షమించరానిది జరిగిందని అప్పటి ఛాన్సలర్ మెర్కెల్ అంది. మర్నాడే కెమ్మెరిష్ తప్పుకుంటానని ప్రకటించాడు.

అయిదేళ్లకు అదే పని బెర్లిన్‌లో జరిగింది. 2025 జనవరి 22న ఆషాఫెన్‌బర్గ్ పార్కులో ఒక అఫ్గాన్ శరణార్థి కత్తితో ఇద్దరిని చంపాడు. వాళ్లలో ఒకరు మొరాకో మూలాలున్న రెండేళ్ల పసివాడు. వారానికే క్రిస్టియన్ డెమోక్రాట్ నాయకుడు ఫ్రీడ్‌రిష్ మెర్ట్స్ పార్లమెంటులో వలసలపై కఠిన తీర్మానం తెచ్చి, ఏఎఫ్‌డీ ఓట్లతో 348 సాధించి నెగ్గించుకున్నాడు. తన పార్టీవాడే అయినా మెర్కెల్ బహిరంగంగా తప్పుపట్టింది. రెండు రోజులకు తెచ్చిన బిల్లు మాత్రం ఓడింది, సొంత పార్టీవాళ్లే కొందరు ఓటింగుకు రాలేదు. ఫిబ్రవరి 2న బెర్లిన్ వీధుల్లోకి లక్షా 60 వేల మంది వచ్చారని పోలీసుల లెక్క. అంతకు ఏడాది ముందు, 2024 జనవరిలో, పాట్స్‌డామ్ హోటల్లో ఏఎఫ్‌డీవాళ్లు కొందరు కూర్చుని లక్షలమందిని దేశం నుంచి పంపేసే పథకం విన్నారని ఒక పరిశోధక పత్రికా సంస్థ బయటపెట్టినప్పుడూ ఇలాగే జనం పోటెత్తారు. మ్యూనిక్‌లో రద్దీ తట్టుకోలేక ర్యాలీని మధ్యలో ఆపేశారు.

ఆ ర్యాలీల మీద నాకు గౌరవం ఉంది. కానీ అంతమంది కదిలినా ఓట్లు రెట్టింపయ్యాయి. పెద్ద నగరాల్లో పదివేల మంది నడుమ నిలబడ్డానికి ధైర్యం అక్కర్లేదు. రెండువేల గడపల ఊళ్లో, నిప్పు ఆర్పే వాలంటీర్ల దళంలో సగం మంది ఏఎఫ్‌డీ అయిన చోట, నేను ఒప్పుకోను అని బీరు బల్ల దగ్గర అనడానికి ధైర్యం కావాలి. 2024 ఎన్నికల ముందు బూఖెన్‌వాల్డ్ స్మారక సంస్థ డైరెక్టర్ యెన్స్ క్రిస్టియన్ వాగ్నర్ టురింగియాలో 65 దాటిన లక్షల మందికి ఉత్తరాలు రాశాడు. ఏఎఫ్‌డీ చరిత్రను ఏం చేయాలనుకుంటుందో వివరించాడు. బదులుగా బెదిరింపులు వచ్చాయి. ఓటర్లను తిట్టలేదు, ఓదార్చలేదు, పెద్దవాళ్లతో పెద్దవాళ్లలా మాట్లాడాడు. ఆ పద్ధతే సరైనదని నా అభిప్రాయం.

ఆ ఎన్నిక తర్వాత టురింగియా అసెంబ్లీలో 88లో 32 స్థానాలు ఏఎఫ్‌డీవి. ప్రభుత్వం వాళ్లది కాదు. క్రిస్టియన్ డెమోక్రాట్ మారియో ఫోయ్‌గ్ట్ మూడు పార్టీల కూటమితో డిసెంబరు 12న ముఖ్యమంత్రి అయ్యాడు. అయితే మూడింట రెండొంతుల ఓట్లు కావాల్సిన ఏ పనైనా, రాజ్యాంగ న్యాయస్థానానికి జడ్జీల ఎంపికతో సహా, ఈ 32 మంది అడ్డుకోగలరు. అధికారంలోకి రాలేదు కదా అని ఊపిరి పీల్చుకున్నవాళ్లు ఈ లెక్క చూడాలి.

మన పిల్లల సంగతి

జర్మనీలో చదివే విదేశీ విద్యార్థుల్లో భారతీయులే ఇప్పుడు మొదటి స్థానంలో ఉన్నారు. టురింగియాలోని ఇల్మెనౌ, పక్క రాష్ట్రాల్లోని కెమ్నిట్స్, మాగ్డెబర్గ్ విశ్వవిద్యాలయాల్లో మన హైదరాబాద్, విజయవాడల పిల్లలు కనిపిస్తారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి అక్కడి ఆస్పత్రులకు పంపుతోంది. 2024 డిసెంబరు 20న మాగ్డెబర్గ్ క్రిస్మస్ సంతలోకి ఒకడు కారు తోలినప్పుడు గాయపడ్డవాళ్లలో ఏడుగురు భారతీయులున్నారు. చంపినవాడు సౌదీ నుంచి వచ్చిన డాక్టరు, ఇస్లాంను ద్వేషించేవాడు, ఏఎఫ్‌డీని మెచ్చుకున్నవాడు. ఆ తర్వాతి రోజుల్లో ఆ ఊళ్లో విదేశీ ముఖాలున్నవాళ్లను వీధుల్లో తిట్టారు. ఎవడు ఎందుకు చేశాడో ఎవరూ ఆగి అడగలేదు.

మన కుటుంబాల్లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. మనం చదువుకుని, వీసాతో, పన్ను కట్టి ఉంటున్నాం, వాళ్ల గొడవ మనతో కాదు అని. 2000లో ఛాన్సలర్ ష్రోడర్ ప్రభుత్వం కంప్యూటర్ నిపుణులకు గ్రీన్ కార్డు ప్రకటించినప్పుడు వెళ్లినవాళ్లూ అలాగే వెళ్లారు. ఆ ఏడాదే ఒక రాష్ట్ర ఎన్నికల్లో "భారతీయుల బదులు పిల్లలు" అనే నినాదం పుట్టింది, జర్మన్‌లో రెండు మాటలకూ ప్రాస కుదురుతుంది. దానికి మూలం ఏఎఫ్‌డీ కాదు, అప్పటికది పుట్టలేదు కూడా. ఆ మాట వచ్చింది క్రిస్టియన్ డెమోక్రాట్ నాయకుడు యుర్గెన్ ర్యూట్‌గర్స్ నోటి నుంచి. వీసాలున్నవాళ్ల మీదే ఆ నినాదం. ఓటర్లు ఆయన్ను ఆ ఎన్నికలో గెలిపించలేదు.

2024 జూన్ నుంచి జర్మనీ పౌరసత్వ చట్టం మారింది. మామూలుగా అయిదేళ్లుంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. భారత్ రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు కాబట్టి మనవాళ్లు ఇక్కడి పాస్‌పోర్టు వదులుకుని ఆ పని చేయాలి. చేస్తున్నారు. అలా చేసినవాళ్లకు ఎన్నికలు దగ్గర పడినప్పుడు, అదే పోస్టు డబ్బాలో, ఓటరుగా పిలుపు కాగితం వస్తుంది.